సూదుల మేష్టారి గాజుదిమ్మె

మొన్న బ్యాంకుకు వెళ్లాను. కౌంటరు ముందు బొటనవేలంత మందాన గాజుపలక నిలబెట్టి ఉంది. నేను వరుసలో కొంచెం పక్కకు నిలబడటం వల్ల, అవతల కూర్చున్న కుర్రాడి జుట్టు పలక పైనుంచీ, ముఖం పలకలోంచీ కనిపిస్తున్నాయి. రెండూ ఒకదానికొకటి అతకలేదు. ముఖం ఉండవలసిన చోట కాకుండా కాస్త ఎడమకు జరిగి ఉంది. ఎంత జరిగిందో చూద్దామని తల వంచి, ఒక కన్ను మూసి, రెండో కంటితో గురి చూశాను. సరిగ్గా అప్పుడే ఆ కుర్రాడు తలెత్తాడు. పాపం, చెవులు ఎర్రబడ్డాయి. డెబ్బై దాటిన ఆడమనిషి పట్టపగలు, పాస్‌బుక్కు చేత్తో పట్టుకుని కన్ను కొడితే ఎవరికి మాత్రం ఎర్రబడవు?

ఆ అలవాటు నాది కాదు. నాకు దాన్ని అంటించినాయన ఒకరున్నారు.

అరవైల చివరి మాట. శృంగవరపుకోట దగ్గర పల్లెనుంచి వచ్చి విజయనగరంలో పీయూసీలో, అంటే డిగ్రీకి ముందు ఏడాది చదువులో, చేరాను. మా ఫిజిక్సు ల్యాబులో ఆయన డిమాన్‌స్ట్రేటరు. పాఠం చెప్పేది లెక్చరరు గారు. మా చేత ప్రయోగాలు చేయించేది ఈయన. అసలు పేరు మాకు తెలుసు గానీ ఎవరూ వాడేవారు కాదు. పొందూరు ఖద్దరు చొక్కా కాలరు వెంబడి ఎప్పుడూ పదో పన్నెండో గుండుసూదులు గుచ్చుకుని ఉండేవారు కాబట్టి అందరికీ సూదుల మేష్టారే. ఆయన చొక్కాల్ని చాకలి అందరి బట్టల్లో కలపకుండా విడిగా మూటగట్టి, దూరంగా పట్టుకుని తెచ్చేవాడని చెప్పుకునేవారు. నేను చూడలేదు. కాని నమ్ముతాను.

తరగతిలో ఆడపిల్లలం ముగ్గురమే. మొదటి రోజు ల్యాబులో మేం గోడకు ఆనుకుని నిలబడితే ఆయన పిలిచారు.

"ఏటమ్మీ, గోడకి సున్నం యేస్తన్నారా? ఇలగ రండి."

బల్లమీద చెక్క, చెక్కమీద తెల్లకాగితం, కాగితం మీద గాజుదిమ్మె. సబ్బుబిళ్ల కంటే కాస్త పెద్దది. ఎదురెదురు అంచులు సమానంగా, నీళ్లలా తేటగా ఉంది. దిమ్మెకు అవతల ఏటవాలుగా ఒక గీత గీసి, దానిమీద రెండు సూదులు నిలువుగా గుచ్చారు.

"గాజులోంచి సూడు. ఆ రెండూ ఒకదాని ఎనకాల ఒకటి దాక్కున్నట్టు కనబడాల. అప్పుడు వాటికి సూటిగా ఈ పక్కని ఇంకో రెండు గుచ్చు. ఒక కన్ను ముయ్యి. రెండూ కాదు తల్లీ, ఒకటే."

గుచ్చాను.

"ఎన్ని కనబడతన్నాయి?"

"ఒకటే సార్."

"గుచ్చినవి?"

"నాలుగు."

"ఇప్పుడు దిమ్మె తీసీ."

తీశాను. నాలుగు సూదులూ ఒక్క వరసలో లేవు. అవతల రెండూ ఒక దారి, ఇవతల రెండూ పక్కకు జరిగిన ఇంకో దారి. ఎదుట గాజు ఉన్నంతసేపూ చక్కగా ఒకదాని వెనక ఒకటి నిలబడ్డవి, గాజు తీయగానే ఒకరితో ఒకరికి సంబంధం లేనట్టు నిలబడ్డాయి. నేను మళ్లీ దిమ్మె పెట్టాను. కలిశాయి. తీశాను. విడిపోయాయి. నాలుగైదుసార్లు అలాగే చేస్తుంటే ఆయన నన్ను ఆపకుండా, చేతులు కట్టుకుని, తానే ఆ గాజును కనిపెట్టినంత సంబరంగా చూశారు.

తర్వాత గీతలు కలిపి చూపించారు. వెలుగు గాజులోకి ఏటవాలుగా వెళ్లగానే వంగుతుంది. అవతలి అంచు దాటగానే మళ్లీ అంతే వంగి, మొదటి దారికి సమాంతరంగా, కాకపోతే కొంచెం పక్కనుంచి బయటపడుతుంది. లోపల ఎంత వంగిందో చెప్పే అంకె ఒకటుంది. దాన్ని మేమందరం మ్యూ అనేవాళ్లం. మామూలు గాజుకు ఒకటిన్నర. మా చదువంతా ఇంగ్లీషులో. మా ముగ్గురికీ వచ్చింది తెలుగు. ఆ ఏడాది పుస్తకంలో నాకు వెంటనే అర్థమైన అంకె అదొక్కటే.

ఒకసారి మా తెలుగు పండితులుగారు ల్యాబు మీదుగా వెళుతూ ఆ గీతల్ని చూసి ఆగిపోయారు. "ఆహా! మనిషి జీవితం కూడా ఇంతే కదయ్యా. కష్టాల్లో వంగినా, చివరికి తన దారికి తాను వస్తాడు!" అన్నారు కళ్లు అరమోడ్చి.

సూదుల మేష్టారు వినయంగా చేతులు జోడించారు. "బాగుందండి. కానండీ, రెండు అంచులూ సమానంగా ఉన్న దిమ్మెకే అలగొస్తాది. అంచు వంకరైతే ఎటెల్లిపోతాదో సెప్పలేం. జీవితానికి ఆ అంచులు ఎవరు సెక్కుతారండీ?"

పండితులుగారు ఆ తర్వాత వరండాలోంచి వెళ్లడం మొదలుపెట్టారు.

కన్ను సంగతి చెప్పాలి. ఆయనకు ఏ రెండు వస్తువులు కనబడినా అవి ఒక వరసలో ఉన్నాయో లేదో చూడకపోతే తోచదు. కిటికీ ఊచలు, బెంచీల కాళ్లు, ప్రార్థనకు నిలబడ్డ పిల్లలు, అన్నింటికీ ఒక కన్ను మూసేవారు. ఒక సాయంకాలం నేనూ, ల్యాబులో నా జంట సత్యవతీ గంటస్తంభం వైపు వెళుతుంటే ఆయన రోడ్డు మధ్య నిలబడి కొత్తగా పాతిన కరెంటు స్తంభాలకు గురి చూస్తున్నారు. సరిగ్గా మొదటి స్తంభం మొదట్లో చేపలగంపతో ఒకామె కూర్చుని ఉంది.

"ఏటి బావూ!" అని గట్టిగా అందామె. "సూస్తే పెద్దమనిసి నాగున్నావు. ఆ కన్ను ముయ్యడవేటి?"

దారినపోయేవాళ్లు ఆగారు. సత్యవతి నా చెయ్యి గిల్లింది. మేష్టారు మాత్రం కంగారుపడలేదు.

"నీకోసం కాదమ్మా. నీ ఎనకాల స్తంభం కోసం మూసేను."

"స్తంభానికి కన్ను కొట్టీవోడిని ఇప్పుడే సూస్తన్నాను!"

అందరూ ఘొల్లుమన్నారు. ఇంకొకరైతే తలవంచుకుని వెళ్లిపోయేవారు. ఈయన ఆమె ముందు గొంతుక్కూర్చుని, కాలరులోంచి సూదులు తీసి, మట్టిలో గుచ్చి, గాజులోంచి చూస్తే సూది ఉన్నచోట కనబడదనీ, వెలుగు వంగుతుందనీ చెప్పడం మొదలుపెట్టారు. ఆమె అంతా విని, గంపమీద ఈగల్ని తోలుతూ అంది:

"ఇదేటి కొత్త? గెడ్డనీళ్లల్లో సేప కనబడిన కాడ ఉంటాదేటి? బల్లెం దానికి కిందికి పొడవాల. మా ఇంటోడు పదేళ్లప్పుడే నేర్సీసుకున్నాడు. దానికి ఇంతసేపేటి, లెగు, బేరాలొస్తన్నాయి."

మర్నాడు క్లాసులో ఆయన ఆనందం చూడాలి. "మీరు ఏడాదంతా సదివి రాసీది ఆవిడ గంప దించకండా సెప్పీసిందర్రా!" అని మూడు బ్యాచీలకూ విడివిడిగా చెప్పారు.

ఇక మా వంకర పనులు. మాకు ముందటి ఏడాదివాళ్ల రికార్డు పుస్తకాలు ముందే చేరేవి. మ్యూ ఒకటిన్నర రావాలని తెలుసు. అలాంటప్పుడు సూదులు గుచ్చి, ఒంటికన్నుతో నడుం నొప్పెట్టేదాకా చూడటం ఎందుకు? ఒకటిన్నర వచ్చేలా వెనకనుంచి లెక్క కట్టి, కోణం ఎంతుండాలో తేల్చి, గీత గీసేస్తే పది నిమిషాల పని. ఈ విద్యలో సత్యవతి కంటే నేను ఒక మెట్టు పైన.

ఆయన దీన్ని పట్టుకునే పద్ధతి ఒకటుంది. కాగితం తీసి కిటికీకి అడ్డంగా పట్టుకునేవారు. సూదులు గుచ్చిన కాగితమైతే చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. గుచ్చనిదైతే ఏమీ కనబడదు. "ఈ కాగితానికి తెల్లారనేదమ్మీ" అని తిరిగి ఇచ్చేసేవారు. దాంతో మేం గీతలు గీసేశాక తీరిగ్గా చిల్లులు పొడవడం నేర్చుకున్నాం. ఇంక ఆయన ఏం పట్టుకుంటారని ధీమా.

ఒకరోజు మా బల్లమీద పెట్టిన దిమ్మెతో ఎప్పటిలాగే మూడు కోణాలకు మూడు లెక్కలు రాశాం. ఒకటి పాయింటు నలభైతొమ్మిది, ఒకటి పాయింటు యాభైయొకటి, ఒకటి పాయింటు యాభై. అచ్చంగా ఒకటిన్నర వస్తే అనుమానిస్తారని అటూ ఇటూ జరపడం నా తెలివి. మేష్టారు కాగితం చూశారు, చిల్లులు చూశారు, మురిసిపోయారు.

"ఎంత అందంగా ఉన్నాదమ్మీ! శుభలేఖ నాగుంది. ఏదీ, ఆ దిమ్మె కుడిచేత్తో ఎత్తు. పక్క బల్లమీదది ఎడంచేత్తో ఎత్తు."

ఎత్తాను. చూపుకు కవలపిల్లలు. చేతికి మాత్రం తేడా తెలుస్తోంది. మాది బరువు.

"అది మామూలు గాజు కాదు. సీసం కలిసిన గాజు. ఎప్పుడో కలకత్తా నుంచి వచ్చిన పెట్టెలోది. దాని మ్యూ ఒకటి అరవైయైదు." గొంతు తగ్గించి, రహస్యం చెబుతున్నట్టు అన్నారు. "పాపం, దానికి మన పుస్తకం సదవడం రాదు. అందుకని దాని ఇష్టమొచ్చినట్టు వంచీస్తాది."

నాకు ఏడుపొచ్చింది. సత్యవతికి నవ్వొచ్చింది. ఆయన కోప్పడలేదు, రికార్డులో ఎర్రసిరా పెట్టలేదు. కాలరులోంచి నాలుగు సూదులు తీసి నా అరచేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం నిజంగా గుచ్చి, నిజంగా చూసి, కొలిచాం. ఒకటి అరవైనాలుగు వచ్చింది. చెప్పొద్దూ, సొంతంగా ఒక అంకె పుట్టించుకున్నంత గర్వంగా అనిపించింది.

పరీక్షలు వచ్చాయి. థియరీ పేపర్లు అంతంతమాత్రంగా రాశాను. మా నాన్న ముందే చెప్పాడు: "ఫస్టు క్లాసొస్తే బీయెస్సీకి ఎల్లు. రాకపోతే ఇంటికొచ్చీ." ఆ మాటలో కోపం లేదు, బతిమాలడానికి సందూ లేదు. ప్రాక్టికల్సులో మార్కులు బాగా పడితేనే నేను గట్టెక్కేది.

వేరే ఊరి కాలేజీ నుంచి ఎగ్జామినరు గారు వచ్చారు. సూటు, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, ముప్పయ్యేళ్ల సర్వీసు. ఆయన కన్నెర్రజేస్తే సూదుల మేష్టారిలాంటి టెంపరరీ మనిషికి మళ్లీ జూన్‌లో ఆర్డరు రాదని మాకు కూడా తెలుసు. చీటీ తీశాను. గాజుదిమ్మె. లోలోపల ఎగిరి గంతేసి బల్ల దగ్గరికి వెళ్లి, దిమ్మెను ఎత్తాను.

బరువుగా ఉంది.

ముందురోజు సర్దుతుంటే మామూలు దిమ్మె ఒకటి కిందపడి అంచు పగిలిందట. తక్కువ పడిందని అటెండరు బీరువాలో ఉన్న ఆ సీసం గాజుదాన్ని తెచ్చి పెట్టాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఒకటిన్నర రాస్తే మార్కులు పడతాయి. ఒకటి అరవైయైదు రాస్తే? మేష్టారి వైపు చూశాను. పరీక్షలో ఆయన మాతో మాట్లాడకూడదు. కిటికీ దగ్గర నిలబడి, నన్ను పట్టించుకోకుండా, బయటి గేటు స్తంభాలకు గురి చూస్తున్నారు.

సూదులు తీసుకుని మొదలుపెట్టాను. చివరికి రాసింది ఇదీ: ఒకటి అరవైనాలుగు, ఒకటి అరవైయారు, ఒకటి అరవైయైదు.

ఎగ్జామినరు గారు వచ్చి, చివరి అంకె మాత్రం చూసి, "తప్పు" అన్నారు. "గాజుకు ఒకటిన్నర. ఏం చదివావమ్మా ఏడాదంతా?"

"ఇది బరువు గాజు సార్."

"గాజులో బరువు గాజు, తేలిక గాజు ఏమిటి? ఎవరు నేర్పారు?"

మేష్టారు వచ్చారు. నా కాగితం తీసి, అలవాటు ప్రకారం కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు. ఒక్క క్షణం. అంతే, గబుక్కున దించేసి, మడిచి చేతిలోనే ఉంచుకున్నారు.

"పిల్ల మాట ఎందుకండీ? తమరే ఒకసారి సూదులు గుచ్చి సూడండి" అన్నారు.

ల్యాబులో పెన్నులన్నీ ఆగిపోయాయి. అలా అడగడమంటే గేటుదాకా తనే నడిచి వెళ్లిపోవడం. ఎగ్జామినరు గారు ఎర్రగా చూసి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, వంగారు. అప్పుడొక చిక్కు వచ్చింది. ఆయనకు ఒక కన్ను మూయడం రాదు. ఎడమది మూస్తే కుడిది కూడా మూతపడిపోతోంది. రెండుసార్లు ప్రయత్నించి, జేబురుమాలు తీసి ఒక కంటికి అడ్డం పెట్టుకున్నారు. సత్యవతి పెన్సిలు కిందపడినట్టు బల్ల కిందికి దూరి, అక్కడే చాలాసేపు వెతుక్కుంది.

సూదులు గుచ్చారు, గీతలు కలిపారు, ప్రొట్రాక్టరు పెట్టారు. "పడింది నలభైయైదు డిగ్రీలు. లోపల ఇరవైయెనిమిది. లెక్క కడితే ఒకటిన్నర. చూశారా?"

మేష్టారు చాలా మెల్లగా, భక్తిగా, అదే ప్రొట్రాక్టరును అదే గీతమీద పెట్టారు. "నా కళ్లు సరిగ్గా లేవేమోనండి. ఇరవైయైదున్నర దగ్గర కనబడతన్నాది."

ఎగ్జామినరు గారు వంగి చూశారు. ఈసారి రుమాలు లేకుండా, రెండు కళ్లతో. ఇరవైయైదున్నరే. ఆయన అబద్ధం చెప్పాలనుకున్నారని నేను అనను. ముప్పయ్యేళ్లుగా అక్కడ ఇరవైయెనిమిదే ఉంటోంది. ఇవాళ కూడా ఉండే ఉంటుందనుకున్నారు. నేను పది నెలలకే అలవాటు చేసుకున్నదాన్ని ఆయన ముప్పయ్యేళ్లు చేశారు, అంతే.

మేష్టారు పక్క బల్లమీది దిమ్మె కూడా తెచ్చి, రెండూ ఆయన రెండు చేతుల్లో పెట్టారు. ఆయన చేతులు పైకీ కిందికీ ఆడించారు. ముఖంలో ఒక చిన్నపిల్లవాడి ఆశ్చర్యం వచ్చి, గంభీరంగా వెళ్లిపోయింది.

"లేబులు అతికించి ఉంచవద్దా?"

"అతికిస్తే లేబులు సదివేస్తారండీ, దిమ్మెని సూడరు."

ఎవరూ నవ్వలేదు. ఎగ్జామినరు గారు తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, కోటు తొడుక్కుని, నా పేరు దగ్గర మార్కులు వేసి, "చాలమ్మా, వెళ్లు" అన్నారు. ఎన్ని వేశారో తెలియదు గానీ నాకు ఫస్టు క్లాసు వచ్చింది. నాన్న ట్రంకుపెట్టెకు కొత్త తాళం కొని తెచ్చాడు. మేష్టారికి ఆ ఏడాది ఆర్డరు జూన్‌లో రాలేదు. పోయింది ఉద్యోగం అనుకున్నాం. జూలై చివర్లో వచ్చింది. ఆలస్యానికి కారణం ఏమిటని అడిగితే, "కాగితం గాజులోంచి వచ్చుంటాది, కొంచెం పక్కకి జరిగింది" అన్నారు.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను. బీయెస్సీలో చెప్పాను, తర్వాత పాఠాలు చెప్పే రోజుల్లో నా పిల్లలకు ఏటేటా చెప్పాను. నిజాయితీగా ఒకటి అరవైయైదు రాసిన ధైర్యవంతురాలిగా నాకు మంచి పేరొచ్చింది. ఎప్పుడూ చెప్పకుండా దాటేసిన ముక్క ఒకటుంది.

ఆ పరీక్షలో నేను తీసిన కొలతలు రెండే. మూడోదానికి టైము చాలలేదు. అరవైనాలుగు, అరవైయారు వచ్చాయి కదా అని మధ్యలో అరవైయైదు వేసి, గీతలు గీసేశాను. తొందరలో చిల్లులు పొడవడం కూడా మరిచిపోయాను. కాగితంలో పన్నెండు చిల్లులు ఉండాలి, ఎనిమిదే ఉన్నాయి. మేష్టారు కిటికీకి అడ్డంగా ఎత్తినప్పుడు ఆ ఎనిమిదీ లెక్కపెట్టుకున్నారు. ఆ కాగితం ఎగ్జామినరు గారి చేతికి వెళ్లకూడదని అప్పటికప్పుడు తన ఉద్యోగాన్ని తీసి బల్లమీద పెట్టి, "తమరే గుచ్చి సూడండి" అన్నారు. అందరూ పొగరనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, ఒక గంటసేపు.

పరీక్ష అయ్యాక వరండాలో ఎదురుపడి, నమస్కారం పెట్టి, "మీ దయవల్ల గట్టెక్కాను సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఏడాది మొత్తంలో ఆయన నవ్వని ముఖం చూడటం అదే మొదలు.

"మూడోది నువ్వు సూడనేదు."

సంచీ భుజాన ఉంది. ఇంటికి వెళ్లే బస్సుకు అరగంట టైముంది.

"మార్కులు పడిపోయాయి కదండీ" అన్నాను, నాకే వినబడనంత చిన్నగా.

"మార్కులు ఆయనేసీసేడు. అది ఆయన పని." ల్యాబు తలుపు తీసి పట్టుకున్నారు. "సంచీ అక్కడెట్టు. రా."

ఖాళీ ల్యాబులో మళ్లీ నా బల్ల ముందు నిలబడ్డాను. బయట బస్సుకు వెళ్లేవాళ్ల కేకలు. కొత్త కాగితం పరిచారు, దిమ్మె పెట్టారు, తనే అరవై డిగ్రీలకు గీత గీసి ఇచ్చారు. రెండు సూదులు గుచ్చాను. వంగాను. గాజులోంచి ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి దాక్కునేదాకా చూశాను. మూడోది గుచ్చాను. నాలుగోది గుచ్చేటప్పుడు బల్ల ఊగితే ఆయన దాన్ని కదలకుండా పట్టుకున్నారు. కొలిచి, లెక్క కట్టి, చూపించాను.

"ఒకటి అరవైరెండు సార్. తప్పేమో?"

"నువ్వు సూసేవా?"

"చూశాను సార్."

"అయితే అరవైరెండే. ఎల్లు, బస్సు ఎల్లిపోతాది."